బీస్ట్ కామిక్స్ ఏ వరుసలో చదవాలి: హ్యాంక్ మెకాయ్ కథ మొదటి నుంచి చదవాలనుకునేవాళ్ళకు పూర్తి మార్గదర్శి

ఎక్స్-మెన్ సినిమాలు చూశాం, నీలి బొచ్చుతో ఉండే ఆ సైంటిస్ట్ బీస్ట్ (అసలు పేరు హ్యాంక్ మెకాయ్) బాగా నచ్చాడు, కామిక్స్‌లో అతని కథ ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ, ఇక అంతా ఒక్కచోట రాసేద్దామని కూర్చున్నాను.

ముందే ఒక మాట. బీస్ట్ పేరుతో పెద్ద సీరీస్ ఏదీ లేదు. అతని కథ 1963 నుంచి ఇప్పటిదాకా పది పన్నెండు వేర్వేరు సీరీస్‌లలో ముక్కలుగా చెల్లాచెదురై ఉంది. అందుకే వరుస తెలియకుండా దిగితే రెండు రోజుల్లో విసుగొస్తుంది. నేను మొదటిసారి చివరి నుంచి, అంటే 2019 తర్వాతి కథల నుంచి చదివాను. హ్యాంక్ మీద విపరీతమైన కోపం వచ్చింది, మూడు నెలలు మళ్ళీ ముట్టుకోలేదు. తర్వాత 1972 సంచికలు చదివాక గానీ ఆ మనిషి అక్కడికి ఎలా చేరాడో అర్థం కాలేదు.

వరుస వివరించాలంటే కొన్ని మలుపులు చెప్పక తప్పదు, ముగింపులు మాత్రం వీలైనంత దాచాను.

## 1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

పాత సంచికలు కాగితం మీద కొనాలంటే మన దగ్గర కష్టం, ఖర్చూ ఎక్కువ. మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్ చందా తీసుకుంటే ఈ జాబితాలో దాదాపు అన్నీ దొరుకుతాయి. కొత్త సంచికలు మాత్రం బయటికొచ్చిన సుమారు మూడు నెలలకు అందులోకి వస్తాయి. చందా ఇష్టం లేకపోతే కిండిల్‌లో విడిగా కొనుక్కోవచ్చు. ఫోన్‌లో చదవడం కుదురుతుంది కానీ 1960ల కామిక్స్‌లో మాటల బుడగలు పేజీ నిండా ఉంటాయి, వాటికి టాబ్లెటే హాయి.

వెతికేటప్పుడు 'బీస్ట్' అని కొడితే విజయ్ నటించిన 2022 సినిమా పోస్టర్లే ముందు వస్తాయి. యాప్‌లోనైనా బయటైనా 'హ్యాంక్ మెకాయ్' అని ఇంగ్లీషులో టైప్ చెయ్యండి.

ఎక్కువమంది తడబడేది ఇంకోచోట. ఎక్స్-మెన్ మొదటి సంచిక అనేది ఒక్కటి కాదు. 1963లో ఒకటి, 1991లో ఒకటి, ఆ తర్వాత 2010, 2013, 2019, 2021, 2024లో ఒక్కోటి ఉన్నాయి. ఎక్స్-ఫోర్స్, వుల్వరిన్, అవెంజర్స్‌దీ ఇదే పరిస్థితి. అందుకే సీరీస్ పేరు పక్కన బ్రాకెట్లో ఉండే సంవత్సరం చూడకుండా ఏదీ తెరవొద్దు. 1963 సీరీస్ యాప్‌లో 'అన్‌కానీ ఎక్స్-మెన్' అని ఉంటుంది, పాత కవర్ల మీద ఉత్త 'ఎక్స్-మెన్' అనే ఉంటుంది, రెండూ ఒకటే, కంగారు పడొద్దు.

మొదలుపెట్టే ముందు ఇవి సరిచూసుకోండి:

- యాప్ లేదా కిండిల్ ఖాతా సిద్ధం
- చదవడానికి కాస్త పెద్ద స్క్రీన్
- ఒక చిన్న నోట్‌బుక్ (ఎందుకో కింద చెప్తాను)
- పాత సంచిక ఒక్కోదానికి 25 నిమిషాలు, కొత్తవాటికి 15 నిమిషాల దాకా టైమ్

## 2. నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీసుకోండి

ఈ మొత్తం గైడ్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇదే. హ్యాంక్ కథని ఫైట్ల వెంట చదివితే అది మామూలు సూపర్‌హీరో కథలాగే అనిపిస్తుంది. ల్యాబ్ వెంట చదవండి.

మొదటి గడిలో: ల్యాబ్‌లో ఏం చేశాడు? రెండో గడిలో: ఎవరికైనా చెప్పి చేశాడా, ఎవరికీ చెప్పకుండా చేశాడా? మూడో గడిలో: దాని ఫలితం ఎవరి మీద పడింది? అంతే. ఒక్కో కథకి మూడు లైన్లు రాసుకుంటే చాలు. 1972 నుంచి 2023 దాకా ఒకే అలవాటు ఎలా పెరుగుతూ వచ్చిందో ఆ రెండో గడిలో కనిపిస్తుంది.

ఇంకోటి, అతని మాటతీరు మీద ఒక కన్నేసి ఉంచండి. హ్యాంక్ నోటి నిండా పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలే. ప్రతి మాటకీ డిక్షనరీ తియ్యొద్దు, కథ ఆగిపోతుంది. సగం మాటలు అర్థం కాకపోయినా పర్లేదు, అది అతని సరదా. ఆ సరదా తగ్గిన చోట మాత్రం ఆగి చూడండి, అక్కడ ఏదో తేడా జరుగుతోందని అర్థం.

## 3. మొదటి అడుగు: బొచ్చు రాకముందు హ్యాంక్

1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించినప్పుడు హ్యాంక్‌కి బొచ్చూ లేదు, నీలం రంగూ లేదు. పెద్ద చేతులు, పెద్ద పాదాలు, కోతిలా ఎగిరే చురుకుతనం, అంతే.

ఇక్కడ ఎక్కువసేపు ఉండొద్దు. అన్‌కానీ ఎక్స్-మెన్ (1963) మొదటి సంచిక, ఆ తర్వాత నేరుగా 8వ సంచిక. మొదటి దాంట్లో హ్యాంక్ మొరటుగా మాట్లాడతాడు, పుస్తకాల భాష మూడో సంచిక నుంచి వచ్చింది, కాబట్టి ఇతనేంటి ఇలా ఉన్నాడని అనుకోవద్దు.

8వ సంచిక ఎందుకంటే, జనం తమని ద్వేషిస్తున్నారని విసిగిపోయి హ్యాంక్ టీమ్ వదిలేసి కుస్తీ పోటీలకు వెళ్ళిపోతాడు. అక్కడ యూనస్ అనేవాడు ఎదురవుతాడు, వాడిని ఎవరూ తాకలేరు. హ్యాంక్ ఒక యంత్రం తయారుచేసి వాడి శక్తిని తగ్గించడం మానేసి ఇంకా పెంచుతాడు, చివరికి వాడు అన్నం కూడా ముట్టుకోలేని స్థితికి వస్తాడు. తెలివైన ఎత్తే. కానీ ఆ యంత్రం చూసి టీమ్‌వాళ్ళు మొదట ఏమనుకున్నారో గమనించి, నోట్‌బుక్‌లో మొదటి లైన్ అక్కడ రాయండి.

1963 సీరీస్‌లో 67 నుంచి 93 దాకా ఉన్న సంచికల్లో కొత్త కథలు లేవు, పాతవే మళ్ళీ వేశారు. వాటిని తెరవనక్కర్లేదు.

## 4. రెండో అడుగు: సీరం (ఇక్కడ నిదానించండి)

చదవాల్సినవి:

- అమేజింగ్ అడ్వెంచర్స్ (1970): 11 నుంచి 16
- ఇన్‌క్రెడిబుల్ హల్క్: 161

11వ సంచిక 1972 మార్చిది. గెర్రీ కాన్వే రాశారు, టామ్ సటన్ గీశారు. 12 నుంచి స్టీవ్ ఎంగిల్‌హార్ట్ రచన. హ్యాంక్ బ్రాండ్ కార్పొరేషన్‌లో ఉద్యోగానికి చేరతాడు, మ్యుటేషన్‌కి, అంటే ఎక్స్-మెన్‌లాంటి మ్యుటెంట్లకి పుట్టుకతో శక్తులు రావడానికి, కారణమయ్యే రసాయనాన్ని వేరు చేస్తాడు, దొంగల్ని పట్టుకోవడానికి మారువేషంలా పనికొస్తుందని దాన్ని తానే తాగేస్తాడు. గంటలోపు విరుగుడు పని కానిస్తే మామూలు మనిషి అయిపోవచ్చు. ఆ గంట దాటిపోతుంది.

ఈ సంచికని రెండుసార్లు చదవమంటాను. మొదటిసారి కథ కోసం. రెండోసారి ఒకే ఒక్క ప్రశ్నతో: తాగే ముందు ఎవరికైనా ఫోన్ చేశాడా? గురువు ప్రొఫెసర్ ఎక్స్ ఉన్నాడు, స్నేహితులున్నారు, అందరినీ వదిలి ఒక్కడే నిర్ణయం తీసుకున్నాడు. నాకు ఈ పాత్ర మీద ప్రేమ కలిగింది ఇక్కడే, భయం మొదలైందీ ఇక్కడే.

రంగు విషయంలో గందరగోళపడొద్దు. మొదట బొచ్చు బూడిద రంగులో ఉంటుంది, కొన్ని సంచికలకే నలుపు-నీలంలోకి మారుతుంది. ప్రింటింగ్ తప్పు కాదు. 17వ సంచికలో ఎక్కువ భాగం పాత మూలకథే, హ్యాంక్ బాల్యం గురించి తెలుసుకోవాలంటే చదవండి, లేకపోతే వదిలేయండి.

ఇక్కడ రెండు పేర్లు నోట్‌బుక్‌లో వేరుగా రాసి పెట్టుకోండి: ప్యాట్సీ వాకర్, కార్ల్ మ్యాడిక్స్. ఇద్దరూ తర్వాత మళ్ళీ వస్తారు.

## 5. మూడో అడుగు: అవెంజర్స్ రోజులు

చదవాల్సినవి, అన్నీ అవెంజర్స్ (1963) లోవే:

- 137 (హ్యాంక్ టీమ్‌లోకి అడుగుపెట్టేది)
- 141 నుంచి 144, తర్వాత 147 నుంచి 149
- 151

మధ్యలో 145, 146 వేరే కథ, అది కలిపి చదివితే 144లో ఆగిన ఊపు పోతుంది. చాలామంది నంబర్ల వరుసలో వెళ్ళి ఇక్కడే తికమకపడతారు.

ప్యాట్సీ వాకర్‌కి హ్యాంక్ పాత సీరీస్‌లో ఒక మాట ఇచ్చాడు. ఆ మాట ఎలా తీరిందో 144లో చూస్తారు. 151లో వండర్ మ్యాన్ తిరిగొస్తాడు, ఆ తర్వాతి సంచికల్లో అతనికీ హ్యాంక్‌కీ కుదిరే స్నేహం ఈ మొత్తం కథలో అన్నిటికన్నా తేటగా ఉండేది. హ్యాంక్ నవ్వుతూ, జోకులేస్తూ, ఒళ్ళంతా బొచ్చున్నా సిగ్గుపడకుండా జనంలో తిరిగిన రోజులవి. టైమ్ ఉంటే 1970ల చివరి సంచికలు ఏవైనా నాలుగు అదనంగా చదవండి, నష్టం లేదు. సైమన్ విలియమ్స్, అంటే వండర్ మ్యాన్, పేరు నోట్‌బుక్‌లో పెట్టుకోండి.

దీని తర్వాత అన్‌కానీ ఎక్స్-మెన్ 137 (1980) ఒక్కటి. పాత స్నేహితురాలు జీన్ కోసం హ్యాంక్ మళ్ళీ ఎక్స్-మెన్ పక్కన నిలబడతాడు. దాని ముందు కథ తెలియాలంటే 129 నుంచి చదవొచ్చు, కానీ మన దారికి 137 చాలు.

## 6. నాలుగో అడుగు: ఎక్స్-ఫాక్టర్ (1986)

1 నుంచి 3, తర్వాత 31 నుంచి 33.

మొదటి మూడింట్లో కార్ల్ మ్యాడిక్స్ తిరిగొస్తాడు. తన కొడుకు ఆర్టీ కోసం చేసే ప్రయోగంలో హ్యాంక్‌ని వాడుకుంటాడు, దాంతో బొచ్చు పోయి పాత మనిషి రూపం వస్తుంది. ఎప్పుడూ ప్రయోగం చేసేవాడు ఈసారి తనే బల్ల మీద పడుకోవాల్సి వచ్చింది, మూడో గడిలో ఇది తప్పక రాయాలి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి హ్యాంక్ ఒక శత్రువు వల్ల జబ్బుపడతాడు, బలం వాడిన ప్రతిసారీ తెలివి కొంత కరిగిపోతుంటుంది. మాటతీరు చూడమన్నాను కదా, ఇక్కడ చూడండి. పెద్ద మాటలు ఒక్కొక్కటీ రాలిపోయి చిన్నపిల్లాడి వాక్యాలు మిగులుతాయి. 33 నాటికి తెలివీ వస్తుంది, నీలి బొచ్చూ తిరిగొస్తుంది.

## 7. ఐదో అడుగు: తొంభైలు, తొందరగా దాటేయండి

ఈ పదేళ్ళలో హ్యాంక్ ఎక్కువగా మైక్రోస్కోప్ ముందు కూర్చుని మ్యుటెంట్లని చంపే లెగసీ వైరస్‌కి మందు వెతుకుతుంటాడు. అన్నీ చదవాలంటే వందల సంచికలు. రెండు చాలు:

- ఎక్స్-మెన్ అన్‌లిమిటెడ్ 10 (1996): వేరే కాలరేఖ నుంచి వచ్చిన డార్క్ బీస్ట్, అసలు హ్యాంక్ స్థానంలోకి ఎలా దూరాడో ఇందులో ఉంది
- అన్‌కానీ ఎక్స్-మెన్ 390 (2001): వైరస్‌కి మందు దొరుకుతుంది, కానీ దాన్ని వాడితే ఒక ప్రాణం పోతుంది

డార్క్ బీస్ట్ అంటే దయ లేని హ్యాంక్. అప్పట్లో వాడిని ఉత్త విలన్‌గా చదివేసి వదిలేస్తాం. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి. 390లో అసలు హ్యాంక్ మందుని చేతిలో పెట్టుకుని ఆగిపోతాడు, వాడడు. నోట్‌బుక్‌లో ఆ 'ఆగాడు' అనే మాట కింద గీత గీయండి, తర్వాత పనికొస్తుంది.

## 8. ఆరో అడుగు: పిల్లి రూపం, కవితా రావు

- న్యూ ఎక్స్-మెన్ 114 నుంచి 117 (2001)
- అస్టానిషింగ్ ఎక్స్-మెన్ (2004) 1 నుంచి 6

114 తెరవగానే హ్యాంక్ సింహంలా, పిల్లిలా కనిపిస్తాడు. ఏదో సంచిక తప్పిపోయిందేమోనని అందరూ వెనక్కి వెళ్తారు. తప్పిపోలేదు. ఆ మార్పు ఎలా జరిగిందో ఎక్స్-ట్రీమ్ ఎక్స్-మెన్ (2001) 3వ సంచికలో ఉంది, కావాలంటే ముందు అది చదివి రండి. కథ గ్రాంట్ మారిసన్‌ది, 114 నుంచి 116 దాకా బొమ్మలు ఫ్రాంక్ క్వైట్లీవి. మృగంలా మారిపోతున్నానన్న భయం, చాలా కాలంగా ప్రేమించిన ట్రిష్ దూరమవడం, ఇవన్నీ జోకుల వెనక దాచుకునే హ్యాంక్‌ని ఇక్కడ చూస్తారు.

తర్వాత అస్టానిషింగ్. మ్యుటెంట్లని మామూలు మనుషులుగా మార్చే మందు కనిపెట్టానని ప్రకటించే సైంటిస్ట్ పేరు డాక్టర్ కవితా రావు, భారతీయురాలు. మన ఇళ్ళలో వినిపించే పేరు అమెరికన్ కామిక్‌లో అంత ముఖ్యమైన చోట కనిపించేసరికి నాకు భలే సంతోషమేసింది. హ్యాంక్ ఆ మందు సీసాని చేతిలోకి తీసుకుంటాడు. మామూలు మొహం, మామూలు చేతులు తిరిగొస్తాయన్న ఆశ. వాడాడా లేదా అన్నది మీరే చదవండి. ఈ ఆరు సంచికలూ ఒకే రోజు కూర్చుని పూర్తిచేయండి, మధ్యలో ఆపితే ఆ బరువు తగ్గిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టే స్నేహితులకి ఒక్క పుస్తకమే ఇవ్వాలంటే నేను ఇచ్చేది ఇదే.

ఇక్కడి నుంచి ముందుకెళ్ళే ముందు హౌస్ ఆఫ్ ఎం (2005) ఎనిమిది సంచికలు ఒకసారి చూసుకోండి, దాని చివర్లో మ్యుటెంట్లు దాదాపు అంతరించిపోతారు. దానికి విరుగుడు కోసం హ్యాంక్ తిరిగే కథ 'ఎండేంజర్డ్ స్పీషీస్' (2007). ఇది చిన్న చిన్న ముక్కలుగా వేర్వేరు సీరీస్‌ల చివర వచ్చింది, విడిగా ఏరుకోవడం శుద్ధ దండగ, ఒకే సంపుటంగా ఉన్నదే చదవండి. అందులో హ్యాంక్ చెయ్యి కలిపేది ఎవరితోనో తెలుసా? డార్క్ బీస్ట్‌తో.

## 9. ఏడో అడుగు: కాలంతో ఆడుకోవడం

ఆల్-న్యూ ఎక్స్-మెన్ (2012) 1 నుంచి 5. తర్వాత అన్‌కానీ ఎక్స్-మెన్ 600 (2015).

హ్యాంక్ చావు అంచున ఉంటాడు. మొదటి టీమ్‌లో తన సహచరుడైన సైక్లాప్స్ దారి తప్పాడని నమ్ముతాడు. అందుకని గతంలోకి వెళ్ళి, చిన్నప్పటి ఐదుగురు ఎక్స్-మెన్‌ని వర్తమానానికి పట్టుకొచ్చేస్తాడు. మళ్ళీ అదే, ఎవరినీ అడగలేదు. 1972లో ఆ నిర్ణయం అతని ఒంటితో పోయింది, ఇప్పుడు కాలం మొత్తాన్నీ పణంగా పెట్టాడు. 5వ సంచికలో రూపం ఇంకోసారి మారుతుంది, పిల్లి పోయి మళ్ళీ కోతి పోలిక వస్తుంది.

600లో టీమ్ అంతా హ్యాంక్‌ని కూర్చోబెట్టి నిలదీస్తుంది. మధ్యలో వచ్చే సంచికలు చదవకపోయినా ఆ గది మీకు అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ అప్పటికే మీ రెండో గడిలో ఉంటాయి.

## 10. ఎనిమిదో అడుగు: క్రకోవా

- హౌస్ ఆఫ్ ఎక్స్, పవర్స్ ఆఫ్ ఎక్స్ (2019), రెండూ ఆరేసి సంచికలు, విడుదలైన వరుసలో ఒకదాని మధ్య ఒకటి
- ఎక్స్-ఫోర్స్ (2019) 1 నుంచి 50
- దాంతోపాటు వుల్వరిన్ (2020) 26 నుంచి 35

పవర్స్ ఆఫ్ ఎక్స్ పేరులోని చివరి అక్షరం రోమన్ పది, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి. ఈ రెండిటినీ దాటేసి ఎక్స్-ఫోర్స్ తెరవొద్దు. మ్యుటెంట్లు క్రకోవా అనే దీవిలో సొంత దేశం పెట్టుకున్నారని, చనిపోయినవాళ్ళని మళ్ళీ బతికించగలుగుతున్నారని తెలియకపోతే ఒక్క పేజీ కూడా బోధపడదు.

ఎక్స్-ఫోర్స్ అంటే ఆ దేశపు గూఢచారి సంస్థ, నడిపేది హ్యాంక్. బెంజమిన్ పెర్సీ రాశారు. టెర్రా వెర్డే అనే దేశం విషయంలో హ్యాంక్ చేసిన పని చదివాక చాలామంది పుస్తకం మూసేస్తారు. మూసేయకండి. ఆ తర్వాత వుల్వరిన్‌కి అతను చేసేది ఇంకా ఘోరం. తొంభైల్లో డార్క్ బీస్ట్ గురించి ఏం రాసుకున్నారో ఒకసారి తీసి పక్కన పెట్టుకుని చదవండి.

ఇది పాత్రని పాడుచేయడమేనని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. గంట దాటిపోయిన ఆ సీరం నుంచి అన్ని అడుగులూ వరుసగా చదివినవాళ్ళకి ఇది హఠాత్తుగా ఊడిపడినట్టు ఉండదు, చాలా బాధగా మాత్రం ఉంటుంది.

చివరి మూడు నాలుగు సంచికల్లో సైమన్ విలియమ్స్ వస్తాడు. అందుకే ఆ పేరు రాసుకోమన్నాను.

## 11. తరచుగా చేసే తప్పులు, సర్దుకునే దారులు

సినిమా కథని కామిక్‌లో వెతకడం. 2011 సినిమాలో హ్యాంక్ నీలంగా మారడానికి మిస్టిక్ రక్తం కారణం. కామిక్స్‌లో ఆమెకీ ఆ సీరంకీ సంబంధం లేదు. సినిమా పక్కన పెట్టి 1972 సంచిక తెరవండి.

ఒక్కటీ వదలకుండా చదవాలనుకోవడం. హ్యాంక్ కనిపించే ప్రతి సంచికా చదవాలంటే ఏళ్ళు పడుతుంది. మొదటి రౌండ్ ఈ జాబితాతో పూర్తిచేసి, నచ్చిన దశకి రెండో రౌండ్‌లో వెళ్ళండి.

రూపం మారగానే వెనక్కి పరిగెత్తడం. 1986లో మనిషి, 1988లో మళ్ళీ నీలం, 2001లో పిల్లి, 2013లో కోతి పోలిక. ఈ నాలుగూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

కవర్ మీద నెల చూసి వరుస పెట్టుకోవడం. కవర్ మీద ఉండే నెల, అమ్మకానికి వచ్చిన నెల ఒకటి కావు, రెండు మూడు నెలల తేడా ఉంటుంది. రెండు సీరీస్‌లు కలిపి చదివేటప్పుడు విడుదల తేదీనే చూడండి.

1960ల కామిక్స్ దగ్గరే అలసిపోవడం. పర్లేదు, వదిలేసి అస్టానిషింగ్ ఆరు సంచికలు ముందు చదివేయండి. ఆ తర్వాత 1972కి వెళ్తే ఓపిక దానంతటదే వస్తుంది.

## 12. ఇప్పుడు నడుస్తున్న కథలోకి

ఇదంతా అయ్యాక ఎక్స్-మెన్ (2024) మొదటి సంచిక తెరవండి. జెడ్ మెకే రచన, టీమ్ అలాస్కాలో ఉంటుంది. ఇందులో ఉన్న హ్యాంక్‌కి అవెంజర్స్ రోజుల దాకానే జ్ఞాపకాలున్నాయి. క్రకోవాలో తన పేరుతో జరిగినవేవీ అతనికి గుర్తులేవు, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ గుర్తున్నాయి.

చదివేటప్పుడు నోట్‌బుక్ తెరిచే ఉంచండి. అతనికి తెలియనివన్నీ అందులో మీ చేతిరాతతో ఉంటాయి.